ఒకసారి మొగం చూపించాల

మరుసటి రోజు వెంకటక్క సంవత్సరీకం. కాబట్టి ఆ పొద్దున కుళ్లాయప్ప పెట్టుకున్న పనులు మూడే. నాగప్పకు చెప్పి రేపటికి షామియానా వేయించాలి, అంగడికి పోయి బొరుగులూ అరటాకులూ తేవాలి, గడ్డం గీయించుకోవాలి. మొదటి పని ఏడింటికే ఫోన్లో అయిపోయింది. మిగతా రెండింటికీ ముందు కాఫీ, కాఫీతో పాటు వెంకటక్క.

ఈ రెండోది ఏడాదిగా తప్పని అలవాటు. హిందూపురం డిపోలో ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపి రిటైరైన కుళ్లాయప్పకు భార్య గొంతు మిగిలింది ఒక్కచోటే. బతికుండగా ఆమె ఉగ్గాని, ఊరుబిండి, సంగటి లాంటి వంటలు చేస్తూ నలభై మూడు చిన్న చిన్న వీడియోలు తీసి ఫోన్లో ఒక యాప్‌లో పెట్టింది. ఆమె ఫోను బెంగళూరు ఆసుపత్రిలో ఎవరో ఎత్తుకుపోయారు. ఆమె కూడా ఆసుపత్రిలోనే పోయింది. కూతురు రేఖ ఆ ఖాతాను తండ్రి ఫోన్లో తెరిచి పెట్టాక, రోజుకొక వీడియో చూడనిదే ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు.

ఆ పొద్దున వీడియో రాలేదు. నాలుగు ముక్కలు వచ్చాయి. "వెంకటక్క గారూ, మీకు పద్దెనిమిదేళ్ళు నిండలేదని గుర్తించాం. ఇదివరకు పంపిన నాలుగు సందేశాలకు మీరు స్పందించలేదు. ఈ సాయంత్రం ఐదు గంటలలోపు వయస్సు ధ్రువీకరించకపోతే మీ ఖాతా, అందులోని వీడియోలు శాశ్వతంగా తొలగించబడతాయి."

ఆ నాలుగు సందేశాలనూ ఏవో లోన్ల వాళ్ళవనుకొని ఆయనే వేలితో పక్కకు తోసేశాడు.

యాభై ఏడేళ్ళకు పోయిన మనిషికి పద్దెనిమిది నిండలేదేమిటని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ ఇంట్లో ఎవరికీ పుట్టిన తేదీ సరిగ్గా తెలియదు. కుళ్లాయప్పకు బడిలో అయ్యవారు జులై ఒకటి అని రాశాడు. ఆ ఏడు చేరిన పిల్లలందరికీ అదే రాశాడు. వెంకటక్క బడికే పోలేదు. యాప్ వాడు పుట్టిన తేదీ అడిగితే, తప్పు చెప్పడం ఇష్టం లేక, ఇంట్లో ఖచ్చితంగా తెలిసిన ఒకే ఒక్క తేదీ చెప్పింది. అది మనవరాలిది. ఆ పిల్లకిప్పుడు పదహారేళ్ళు.

కుళ్లాయప్ప కాఫీ పక్కన పెట్టేశాడు. రేఖకు ఫోన్ చేశాడు. ఆమె ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో పని చేస్తుంది.

"అమ్మా, మీయమ్మ వయసు రాసిన కాగితం ఏదన్నా ఉండాదా నీ తాన?"

"ఒకటుండాది నాయనా. నేను వాళ్ళకు పంపిస్తాలే, నువ్వు గాబరా పడొద్దు," అంది రేఖ.

గాబరా పడవద్దంటే పడకుండా ఉండే రకం కాదాయన. వీధి చివర జిరాక్స్ అంగడి నడిపే రాధ దగ్గరికి పరుగెత్తాడు. రాధ చదివి తల గోక్కుంది.

"మూడు దోవలిచ్చినాడు మామా. ఒకటి క్రెడిట్ కార్డు. ఉండాదా?"

"రేషన్ కార్డుండాది."

"రెండోది ఆధార్. పెడితే అత్త నెంబరుకు ఓటీపీ పోతాది."

"ఆ నెంబరు మూసేసి ఎనిమిది నెలలాయ."

"అట్లయితే మూడోదే. మొగం చూపించాల. కెమెరా ముందర కళ్ళార్పి, తల అటూ ఇటూ తిప్పితే, ఆ మొగాన్ని బట్టి వయసెంతో అదే చెప్పుకుంటాది."

"ఎవరి మొగం?"

రాధ కాసేపు కాగితాలు సర్దింది. "అత్తదే మామా," అంది.

కుళ్లాయప్ప ఇంటికి పోయి గోడ మీది ఫోటోను దండతో సహా దించుకొచ్చాడు. రాధ ఫోను ఎదురుగా పట్టింది. "ముఖానికి అడ్డుగా ఉన్నవి తొలగించండి," అంది యంత్రం. ఒక ప్రయత్నం అయిపోయింది. ఆయన దండ తీశాడు. తీస్తుంటే ఎందుకో ప్రాణం కాస్త లేచొచ్చింది. దండ లేని వెంకటక్కను చూసి ఏడాదైంది.

"కళ్ళు ఆర్పండి," అంది యంత్రం.

జిరాక్సుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా తొంగి చూశారు. వెంకటక్క కళ్ళు ఆర్పలేదు. రాధ పటాన్ని ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. "ప్రాణమున్న వ్యక్తి కనిపించడం లేదు. మీకిక ఒక్క ప్రయత్నం మిగిలి ఉంది," అని తేల్చి చెప్పింది యంత్రం.

"నా మొగం చూపిస్తే కాదా?"

"ఖాతా ఆడమనిషిది కదా మామా! మీ మీసాలు చూస్తానే పట్టేస్తాది. ఉండేది ఒక్క ఛాన్సు. అత్త పోలికలుండే మనిషి ఎవరన్నా ఉండారా?"

ఉంది. పెనుకొండలో వెంకటక్క చెల్లెలు హనుమక్క. అచ్చుగుద్దినట్టు అదే ముక్కు, అవే కళ్ళు. కానీ ఏడాదిగా ఆమెకూ కుళ్లాయప్పకూ మాటల్లేవు. ఆసుపత్రిలో ఇవాళో రేపో నయమైపోతుందనుకుంటూ ఆయన ఎవరికీ చెప్పలేదు. అంతా అయ్యాక కబురు పెట్టాడు. హనుమక్క వచ్చేసరికి అక్కను మట్టి చేసేశారు. ఆ మట్టి మీద పడి ఆమె ఏడ్చిన ఏడుపు ఆయనకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తప్పు తనదేనని తెలుసు. చెప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే.

అయినా ఫోన్ చేశాడు.

"ఏ మొగం పెట్టుకొని నాకు ఫోన్ చేస్తాండావు బావా?"

"హనుమక్కా, తిట్టు, కొట్టు, ఒకసారి మాత్రం రా. నీ మొగం ఒక్కసారి చూపించాల. ఈ పొద్దే ఆఖరు. సాయంత్రం ఐదు దాటితే ఎవరూ ఏమీ చేసేదుండదు."

అవతల ఫోన్ ఠక్కున కట్టయింది.

కాళ్ళు పట్టుకొనైనా పిలుచుకొస్తానని కుళ్లాయప్ప లేచాడు. ఫోన్లో ఛార్జింగ్ నాలుగు శాతానికొచ్చింది. దాన్ని రాధ దగ్గరే పెట్టి, పటానికి మళ్ళీ దండ వేసి గుండెకు హత్తుకొని బస్టాండుకు పోయాడు.

పావుగంటకు ఫోన్ మోగింది. ఫోన్ పెట్టేశాక మనసు నిలవక హనుమక్కే తిరిగి చేసింది. ఇవతల రాధ ఎవరివో పాసుపుస్తకాలు జిరాక్స్ తీస్తూ, చేసిందెవరో చూడకుండానే ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"ఆయన లేరమ్మా," అంది రాధ.

"లేడా!"

"ఇప్పుడే పోయినారు. పావుగంటయింటాది."

"అయ్యో దేవుడా! ఎట్ల పోయినాడు తల్లీ?"

"ఎట్లేముంది, పొద్దున్నుంచీ మనిషి ఒకటే ఆరాటం. అత్త ఫోటో గుండెకు పట్టుకొని, ఆమె దగ్గరికే పోతాండా అని చెప్పి పోయినారు. పోయేముందు గూడా హనుమక్క, హనుమక్క అని అదే పేరు."

అవతల ఒక్క కేక వినబడింది. సిగ్నల్ పోయిందనుకొని, రాధ ఫోను స్విచ్చాఫ్ చేసి ఛార్జింగ్‌కు పెట్టింది.

హనుమక్క రేఖకు చెప్పింది. తండ్రి ఫోన్ కలవకపోయేసరికి రేఖ నమ్మక తప్పలేదు. అంగడిలో చీర మడతపెడుతున్నదల్లా ఆ చీర మీదే కూలబడింది. తర్వాత కళ్ళు తుడుచుకొని ఇంటి పక్కనుండే నాగప్పకు ఫోన్ చేసి, జరగాల్సింది చూడమంది. హిందూపురంలో షామియానాలూ కుర్చీలూ బాడుగకిచ్చేది నాగప్పే.

"పొద్దున ఏడింటికి నాకే చెప్పినాడమ్మా, షామియానా కావాలప్పా అని," అన్నాడు నాగప్ప. "తన షామియానా తానే చెప్పుకొని పోయినాడు, పుణ్యాత్ముడు."

కుళ్లాయప్ప పెనుకొండలో దిగేసరికి హనుమక్క ఇంటికి తాళం. పక్కింటి పుట్టమ్మ గడపలో కూర్చొని చింతకాయ కొడుతోంది.

"హనుమక్క యాడికి పోయిందమ్మా?"

"హిందూపురం పోయిండాది. వాళ్ళ బావ సచ్చిపోయినాడంట పాపం, పొద్దున్నే."

కుళ్లాయప్పకు ముందు అర్థం కాలేదు. హనుమక్కకు హిందూపురంలో ఎంతమంది బావలున్నారా అని లెక్కపెట్టుకున్నాడు. ఒక్కడే తేలాడు.

"కుళ్లాయప్పా?"

"ఆ, ఆయప్పే." పుట్టమ్మ ఆయన చేతిలో దండేసిన పటాన్ని చూసింది. "నువ్వూ ఆడికేనా? దగ్గర చుట్టమా?"

"శానా దగ్గర," అన్నాడు కుళ్లాయప్ప.

మూడు దాటాక దొరికిన తిరుగు బస్సులో ఆయన పడిన నరకం ఇంతా అంతా కాదు. తను పోయినందుకు బాధ లేదు. ఐదు గంటలకు వెంకటక్క మళ్ళీ పోతుందన్న భయమొక్కటే. తాను ఇరవై ఎనిమిదేళ్ళు నడిపిన రోడ్డు మీద ఆ కుర్ర డ్రైవరు ప్రతి చెట్టు దగ్గరా బస్సు ఆపుతుంటే, సీట్లో కూర్చొనే ఉత్తుత్తి గేర్లు మార్చాడు. రాధ అంగట్లో దూరి ఫోన్ లాక్కొని ఇంటి సందు తిరిగేసరికి నాలుగూ నలభై.

సందంతా జనం. షామియానా కింద తప్పెటలు మోగుతున్నాయి. వాకిట్లో ఆసుపత్రి నుంచి రాబోయే శవం కోసం ఇంత పొడుగు ఐసు పెట్టె కరెంటుకు తగిలించి చల్లబడుతోంది. కుళ్లాయప్ప పటంతో సహా నడిచి రావడం చూసి తప్పెటల్లో సగం ఆగిపోయాయి. చూడని సగం వాయిస్తూనే ఉన్నాయి.

"ఇదెవరికి నాగప్పా?" అన్నాడు ఆయన పెట్టెను చూసి.

నాగప్ప కాస్త తేరుకుని, ఆయన్ను కిందికీ పైకీ చూశాడు. "నీకేనప్పా. నీ పొడుగు చూసే తెచ్చినా."

రేఖ వచ్చి తండ్రిని కరుచుకుపోయింది. హనుమక్క లేచొచ్చి ఆయన భుజాన నాలుగు గుద్దులు గుద్దింది. "మా అక్కను కడసారి చూడనీకపోతివి, నిన్నన్నా చూస్తామని పడతా లేస్తా వస్తి గదయ్యా! నువ్వు బతికి చస్తివా!"

"తప్పు నాదే హనుమక్కా. ఆ పొద్దూ నాదే, ఈ పొద్దూ నాదే. అదంతా తర్వాత తిడుదువు గానీ, ముందు ఈ ఫోన్లో మొగం చూపించు. మీయక్క పోతాండాది!"

నాలుగు మాటల్లో చెప్పాడు. హనుమక్క ముక్కు చీదుకొని కూర్చుంది. నాలుగూ యాభై రెండు. ఆమెకు చదువు రాదు కనుక యంత్రం ఏమడుగుతోందో ఆయనే చదివి చెప్పాలి. కళ్ళజోడు పెనుకొండ బస్సులోనే పోయింది. ఫోన్‌ను ముక్కుకానించుకున్నంత దగ్గరగా పెట్టుకొని అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. ఎడమ పక్క తప్పెట మళ్ళీ మోగింది. "ఆపండప్పా, బతికే ఉండా!" అని అటు తిరిగి అరిచాడు. "నాయనా, టైమవుతాండాది!" అని కుడి పక్కనుంచి రేఖ అంటే ఇటు తిరిగాడు. మళ్ళీ తెర చూసేసరికి కళ్ళ నిండా నీళ్ళు. టపటపా రెప్పలు కొట్టాడు.

ఫోన్ టింగుమంది.

"ధన్యవాదాలు వెంకటక్క గారూ. మీ వయస్సు ధ్రువీకరించబడింది."

యంత్రానికి ముఖం ముసలిదా పడుచుదా అన్నదే కావాలి, ఎవరిదన్నది కాదు, మీసాలున్నా సరే. ఆ ముక్క పొద్దున రాధకు తెలియదు. వెంటనే ఉగ్గాని వీడియో దానంతటదే మొదలైంది. చావుకొచ్చిన జనమంతా మూగారు. పసుపు చీర కట్టుకొని వెంకటక్క బొరుగులు పిండుతోంది.

"నీళ్ళన్నీ పోయేటట్లు గట్టిగా పిండాల, లేకుంటే ముద్దయిపోతాది. ఏమప్పా, మధ్యలో వస్తాండావు? పక్కకు పో, నా మొగానికి బదులు నీ మొగమే పడతాండాది!"

హనుమక్క ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది. అక్క ముఖం మీద వేలితో నిమిరింది. ఏడాదిగా దక్కని కడసారి చూపు అప్పటికి దొరికింది.  నాగప్ప పోయి ఐసు పెట్టె స్విచ్చి ఆర్పి వచ్చాడు.

వీడియో ఆగి ఇంకో సందేశం వచ్చింది. రేఖ చదివింది. 

"ఖాతాదారు మరణించినట్టు మాకు పత్రం అందింది. పరిశీలించి ఖాతాను మూసివేస్తాం."

"ఏం కాగితం పంపిస్తివే?" అన్నాడు కుళ్లాయప్ప.

"అమ్మ వయసు రాసిండే కాగితం నా తాన అదొక్కటే ఉండాది నాయనా. మరణ ధ్రువపత్రం. దాంట్లో వయసు యాభై ఏడని..."

కుళ్లాయప్పకు కోపం రాలేదు. అది వచ్చేంత ఓపిక కూడా మిగల్లేదు. షామియానా కింద తన కోసం వేసిన బల్ల మీద కూర్చొని, ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకున్నాడు. హనుమక్క ఆయన పక్కన కూర్చుంది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు కూడా ఇట్లాగే ఉండిందని, అప్పుడు పక్కన ఎవరూ లేరని ఆయనకు అనిపించింది. పైకే అన్నాడు. హనుమక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆరున్నరకు ఫోన్ టింగుమంది. హనుమక్క ఫోన్ పట్టుకుంది, రేఖ చదివింది.

"మీరు పంపిన మరణ పత్రాన్ని పరిశీలించాం. వెంకటక్క గారు ఈ సాయంత్రం నాలుగూ యాభై ఏడుకు స్వయంగా మాకు ముఖం చూపించినందున, ఆమె మరణించినట్టు అంగీకరించలేము. ఖాతా యథాతథంగా కొనసాగుతుంది. ఈ నిర్ణయంపై అభ్యంతరం ఉంటే తెలుపగలరు."

"అభ్యంతరం ఉండాదని పెట్టల్లా నాయనా?" అని అడిగింది రేఖ.

కుళ్లాయప్ప మీసాలు తుడుచుకొని, "మనకేం అభ్యంతరం?" అన్నాడు.

మరుసటి రోజు వెంకటక్క సంవత్సరీకం అనుకున్న టైముకే జరిగింది. షామియానా ముందు రోజే వేసి ఉండడం కలిసొచ్చింది.