ఇరవై నాలుగో గడి

ఒక పెద్ద అడవిలో పోలీసులుండేవారు, దొంగలుండేవారు, ఇద్దరికీ చదువు లేదు. పోలీసుల వరకైనా ఆ లోటు తీర్చాలని అడవి సభ తీర్మానించింది. ఇకమీదట డిగ్రీ లేనిదే బెల్టు లేదు. మరి చదివే మూడేళ్లూ కూచోబెట్టి మేపడం ఎవరి తరం? అందుకని వారంలో ఆరు రోజులు కాపలా, గురువారం కాలేజీ అన్నారు. పని చేస్తూ చదువు, చదువుతూ పని. వినడానికి బాగానే ఉంది.

ముంగిస పైడితల్లి మొదటి జట్టులోనే చేరింది. వాళ్ల ఇంటిల్లిపాదీ పాముల్ని తరిమి బతికినవాళ్లు. పాము కనబడితే పిలవడం, పాము పోగానే మరిచిపోవడం అడవికి అలవాటు. ఆ బతుకు ఆమెకు ఇష్టం లేదు. నడుముకు బెల్టు కట్టుకుని దర్జాగా తిరగాలి, అంతే. వేరే కోరికే లేదు.

ఆమెకు వెలగతోపు అప్పగించారు. రోజుకు పదిసార్లు చుట్టివచ్చేది. ఏ పొదలో ఎవరుంటారో, ఎవరి తొర్రకు తలుపు సరిగా పడదో అన్నీ కంఠతా. మూడేళ్లలో ఆ తోపులో ఒక్క వెలగపండు పోలేదు.

అక్కడే కొంప మునిగింది.

చదివేవాళ్లకు తలా ఒక అనుభవ పుస్తకం ఇచ్చారు. అందులో ఇరవై నాలుగు గడులు. చేసిన పనికల్లా ఒక గడిలో స్టేషన్ ఎస్సై వేలిముద్ర పడాలి. తగవు తీర్చడం, దారి తప్పిన పిల్లను ఇల్లు చేర్చడం, సంతలో గుంపును అదుపు చేయడం, ఇలా పైడితల్లికి ఇరవై మూడు నిండాయి. ఇరవై నాలుగోది, ‘దొంగతనం జరిగిన పిమ్మట దొంగను పట్టుకొనుట’.

"నా తోపులో దొంగతనమే జరగలేదు కదండీ!" అంది ప్రిన్సిపాలు కొంగతో.

కొంగ ధ్యానేశ్వరరావు గారు ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకున్నారు. "జరగనివ్వకపోవడం నీ తప్పు. దానికి గడి లేదు. నెలాఖరులోగా నింపకపోతే డిగ్రీ లేదు."

ఎస్సై ఎలుగుబంటి గవరయ్య దగ్గర ఏడ్చింది. ఆయన గోక్కుంటూ అన్నాడు, "నేను ఇరవయ్యేళ్లలో అరవై మందిని పట్టేనే. నాకు డిగ్రీ లేదు గనక అవి పట్టినట్టు కాదంట. నీకేం చెప్పమంటావు తల్లీ?"

ఉపాయం చెప్పింది తోటి విద్యార్థి తొండ, తలాపుల సత్తిబాబు. వాడు కొంగ గారు ఏమన్నా తల ఊపేవాడు. ఏమీ అనకపోయినా ఊపేవాడు. "పైడీ, పట్టడానికి దొంగ లేకపోతే తెచ్చుకోవాలి. ఏటొడ్డున పందికొక్కు లింగమయ్య ఖాళీగానే ఉన్నాడు."

పైడితల్లి రెండు రోజులు తిండి మానేసి ఆలోచించింది. మూడో రోజు లింగమయ్య కలుగు ముందు నిలబడింది.

"ఉడుత సూరమ్మ మామ్మ తొర్రలోంచి గుప్పెడు ఇప్పపువ్వు తియ్యి. గుప్పెడే. శుక్రవారం పొద్దున. గుమ్మం దగ్గరే పట్టుకుంటాను. మొదటి తప్పని మందలించి వదిలేస్తారు."

లింగమయ్య మీసాలు దువ్వుకున్నాడు. "చేద్దును గాని అమ్మా, నీ పుణ్యమా అని మూడేళ్లుగా పని లేక చెయ్యి మొద్దుబారిపోయింది. ఏ తలుపెలా తీయాలో, నువ్వెప్పుడు ఏ మూలుంటావో చెప్తే గాని చేయలేను."

పాపం, పైడితల్లి కాలేజీలో విన్నదంతా వాడికి నేర్పింది. ఏ తొర్రకు తలుపు పడదో చెప్పింది. తన తిరుగుడు వేళలన్నీ చెప్పింది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. వాడు శ్రద్ధగా విని, ఒకటి రెండు మంచి సందేహాలు కూడా అడిగాడు.

గురువారం వచ్చింది. అడవిలోని కాపలావాళ్లంతా కాలేజీలో ఉన్నారు. కొంగ గారు ‘చోరీల నివారణ’ అనే పాఠం చెబుతున్నారు. తొండ తల ఊపుతున్నాడు.

ఉడుత సూరమ్మ ఏడుస్తూ కిటికీ మీదకు దూకింది. "నా వానాకాలం తిండంతా పోయింది పైడితల్లీ! నా ఒక్కదానిదే కాదే, తోపులో పదకొండు తొర్రలు ఎవడో ఊడ్చేశాడు!"

పైడితల్లికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. లేచి గుమ్మం వైపు పరుగెత్తింది.

"క్లాసు మధ్యలో లేస్తే హాజరు పోతుంది!" అన్నారు కొంగ గారు.

"పోనీండి!"

మిగిలినవాళ్లెవరూ కదల్లేదు. దొంగను ఎలా తరమాలన్నది తరువాతి పాఠం.

బస్తాలు మోసుకుంటూ ఏరు దాటబోతున్న లింగమయ్యను పైడితల్లి తోక పట్టి వెనక్కి లాగింది. ఎవరి తిండి వాళ్లకు పువ్వుతో సహా అప్పగించింది. అందరి ఎదుటా నిలబడి, "వాడికి దారి చూపింది నేనే. క్షమించు మామ్మా" అని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

సూరమ్మ తోకతో ముక్కు తుడుచుకుంది. "తప్పు చేసినవాళ్లు బోలెడుమంది, ఒప్పుకున్నదానివి నువ్వే. రేపటినుంచి మళ్లీ కాపలాకి రా."

కాలేజీ అంత మెత్తనిది కాదు. పరీక్షల సంఘం కూచుంది. పైడితల్లి క్లాసు ఎగ్గొట్టింది గనక గురువారం పట్టిన దొంగ లెక్కలోకి రాడన్నారు. మరో ఏడాది చదవాలన్నారు. కదలకుండా కూచుని, దొంగతనం మీద పన్నెండాకుల వ్యాసం రాసిన తొండకు బెల్టు ఇచ్చారు.

తరువాత లింగమయ్య వంతు.

"ఈ జ్ఞానమంతా నీకెక్కడిది?" అని అడిగారు కొంగ గారు.

"ప్రైవేటుగా చదివేనండి. ఆ అమ్మే చెప్పింది."

కొంగ గారు రెండో కాలు కూడా కింద పెట్టారు. ఆయనంత సంతోషించడం ఎవరూ చూడలేదు. "ఈ కాలేజీ పాఠాన్ని పొల్లుపోకుండా ఆచరణలో పెట్టిన విద్యార్థి ఇతనొక్కడే!" అని డిగ్రీ రాసిచ్చారు. డిగ్రీ ఉంది గనక బెల్టూ ఇవ్వాల్సి వచ్చింది. బెల్టు ఉంది గనక ఎక్కడో ఒకచోట వేయాల్సి వచ్చింది. వెలగతోపులో వేశారు.

"ఇంక నీకేం దిగులే! ఆ బెల్టాయన్ని కాపలా కాసుకో" అంది సూరమ్మ పైడితల్లితో.

మూడో రోజే, శుక్రవారం పొద్దున, కానిస్టేబుల్ లింగమయ్య బెల్టుతో సహా సూరమ్మ తొర్రలో ఇరుక్కుని దొరికాడు. పైడితల్లి తోక పట్టి లాగింది. గవరయ్య పగలబడి నవ్వి, ఇరవై నాలుగో గడిలో వేలిముద్ర గట్టిగా నొక్కాడు. నెలాఖరు ఇంకా దాటలేదు గనక, మరో ఏడాది మాట మింగి కొంగ గారు డిగ్రీ ఇవ్వక తప్పలేదు. ఆ సాయంత్రం బెల్టు కట్టుకున్న పైడితల్లి తోపంతా ఒకటికి నాలుగుసార్లు తిరిగింది. పిలవని ఇళ్లకు కూడా వెళ్లి పలకరించింది.

లింగమయ్యను తీసేయాలని ఎస్సై రాశాడు. కాలేజీ ససేమిరా అంది. ఆయన్ను తీసేస్తే కొత్త జట్టు ఎవర్ని పట్టుకుని పాసవుతుంది? జీతం పెంచి, ప్రాక్టికల్స్ విభాగానికి అధిపతిని చేశారు.

నీతి: కాపలా నిజాయితీగానే కాయండి, కాని ముందుగా నమ్మకమైన దొంగనొకణ్ణి చూసిపెట్టుకోండి.