రీల్లో వెనకాల కూర్చున్న అమ్మాయి

గ్రంథాలయాలను పాడుచేసింది పాఠకులేనని నా నిశ్చితాభిప్రాయం. లేకపోతే ఏమిటండీ! వచ్చేవారు, ఫ్యాను కింద కుర్చీ చూసుకుని బైఠాయించేవారు, తలుపులు మూసేదాకా పుస్తకంలోంచి తల ఎత్తేవారు కారు. ఆ వంచిన బుర్రలను ఎవరు చూస్తారు? ఎవరు లైక్ కొడతారు?

అదృష్టం బాగుండి మా పేట గ్రంథాలయానికి ఆ పీడ విరగడైంది. యువతను సోషల్ మీడియాలో ఆకర్షించండని పైనుంచి ఆర్డరు వచ్చింది. మా లైబ్రేరియన్ గారు నిన్నమొన్నటిదాకా "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చుని, ఎవరైనా దగ్గితే కళ్ళజోడు మీదుగా ఉరిమి చూసిన మనిషి. ఇప్పుడు ఆయనే అదే బోర్డు కింద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని రీళ్ళ కోసం స్టెప్పులేస్తున్నారు! అదీ రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మోకాళ్ళతో! ఇంతకు మించిన సాహిత్యసేవ ఉంటుందా?

పుస్తకాల సంగతంటారా? అక్షరక్రమంలో సర్దడం పాతకాలపు చాదస్తం. కెమెరాకి అక్షరమాల రాదు కదా! అందుకని అట్టల రంగును బట్టి సర్దించారు. ఎర్రవన్నీ ఓ గోడకి, నీలంవన్నీ ఇంకో గోడకి. ప్రేమకవిత్వమూ పశువైద్యమూ ఇప్పుడు ఒకే అరలో ఒద్దికగా కాపురం చేస్తున్నాయి. చక్కెర జబ్బు మీద పుస్తకం కావాలని వెళితే, "అట్ట ఏ రంగండీ?" అన్నారాయన. తెలీదన్నాను. "రంగు కూడా తెలీకుండా పుస్తకం అడిగితే ఎలాగండీ, చదువుకున్నవారు మీరు!" అని నొచ్చుకున్నారు. నిజమే కదా అని సిగ్గుపడి, మందుల షాపుకి వెళ్ళిపోయాను.

ఇంతకీ యువత వచ్చిందా అంటారు. ఎందుకు రాలేదు? మా మేనకోడలు వచ్చింది! ఈ ఏడే కాలేజీలో చేరిన పిల్ల. లైబ్రేరియన్ గారు లావుపాటి ఎర్రట్ట నవలను గాల్లోకి ఎగరేసి పట్టుకుంటూ, "దీవిలో ఒంటరిగా లైట్‌హౌస్ కాసే ఆవిడ దగ్గరికి ఎవరొచ్చారు? రండి, చదవండి, తెలుసుకోండి!" అన్న రీలు ఫోన్లో చూసింది. ఆయన పిలిచారు, ఇది మర్నాడే వెళ్ళి ఆ పుస్తకం అడిగింది.

ఆయన కంగారుపడిపోయారట.

"అది గోడలోది తల్లీ! తీస్తే సందు కనబడిపోదూ?"

"ఇంటికి తీసుకెళ్ళి, చదివి తెచ్చేస్తానండీ."

"అమ్మో, ఇంటికి మాత్రం వద్దు. ఇక్కడే ఓ మూల కూర్చుని చదువుకో. మా షూటింగ్‌కి అడ్డు రాకు."

సరేనని రోజూ కాలేజీ అయ్యాక వెళ్ళి, కిటికీ పక్కన కూర్చుని చదివేది. ముందు ఆయన ఎగురుతుండేవారు. వెనక ఇది పేజీలు తిప్పుతుండేది. సాయంత్రం ఇంటికొచ్చి, "దీపం ఆరిపోయింది మావయ్యా, పడవేమో వచ్చేస్తోంది!" అని అక్కడికి ఆపేసేది. ఈమధ్య నేను రోజూ మా అక్క ఇంట్లో టీకి తేలడానికి కారణం టీ కాదని అక్కకి కూడా తెలుసు.

ఇంతలో వచ్చి పడింది ఉపద్రవం! ఓ రీలు ఊరూవాడా చుట్టేసింది. లైబ్రేరియన్ గారి స్టెప్పుల గురించి ఎవరూ ఒక్క ముక్క అనలేదు. "వెనకాల ఆ అమ్మాయి ఏం చదువుతోంది?", "అంత గోలలో తల ఎత్తదేంటి?", "ఆ పుస్తకం నాక్కూడా కావాలి!" ఎటు చూసినా ఇవే కామెంట్లు.

నాలాంటి మందమతి అయితే ఆ నవల ఇంకో నాలుగు కాపీలు తెప్పించేవాడు. ఆయన దూరదృష్టి గలవారు. మూలనున్న పిల్లను తెచ్చి హాలు నడిమధ్య, లైట్ల కింద కూర్చోబెట్టారు.

"పుస్తకం మూసి పట్టుకో తల్లీ, అట్ట కనబడాలి."

"మూసేస్తే చదివేదెలాగండీ?"

"చదువుతున్నట్టు మొహం పెట్టు, చాలు. నిజంగా చదివితే పిలిచినా పలకవు, టేకులన్నీ పాడవుతున్నాయి!"

అప్పట్నుంచి మా మేనకోడలు మూసిన పుస్తకం పట్టుకుని నవ్వుతూనే ఉంది. దారిలో సెల్ఫీలు అడుగుతున్నారు. షూటింగ్ ముగిసేసరికి గ్రంథాలయం మూసే వేళవుతుంది. పోనీ మానెయ్యవే అంటే, "చివరి అధ్యాయం ఉండిపోయింది మావయ్యా" అని దిగాలుగా చూస్తుంది. ఆ చూపు చూశాక టీ సగంలో వదిలేసి లేచొచ్చేస్తున్నాను.

నేను రీళ్ళకు వ్యతిరేకిని కానండీ! పై పేరాలన్నీ సాక్ష్యం. ఓ చిన్న మనవి మాత్రం ఉంది. ఇవాళ కొత్త రీలు పెడతారు. దయచేసి ఎవరూ చూడకండి. పొరపాటున చూసినా లైక్ కొట్టకండి. లైకులు రాకపోతే ఆయన దిగులుపడి, కెమెరా కట్టేసి, ఓ గంటసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంటారు. ఆ గంట చాలు. పిల్ల పుస్తకం తెరుస్తుంది. ఆ పడవలో వచ్చిందెవరో తెలీక ఇక్కడ ఇద్దరం చస్తున్నాం!