గోడకు కన్నం, ఇంటికి క్షేమం

ఇల్లన్నాక ప్రతి గోడకూ ఒక కన్నం ఉండాలి. దొంగలు వేసింది కాదు, మనమే దగ్గరుండి వేయించుకున్నది. ఇంటర్నెట్ వైరును ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లాగితే గోడలు పాడవుతాయని వాపోయేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. పాడవనివ్వండి! గోడలు చెక్కుచెదరకుండా ఉన్న ఇళ్లలో కాపురాలు ఎలా ఉన్నాయో ఎవరైనా చూసొచ్చారా?

నమ్మకం కుదరనివారి కోసం మా ప్లాన్లాయన సంగతి చెబుతాను.

ఆయన వృత్తి ఇళ్లకు ప్లాన్లు గీయడం. చుట్టుపక్కల సగం ఇళ్లు ఆయన పెన్సిల్ కొసనుంచి పుట్టినవే. సొంత ఇల్లు కట్టుకునేటప్పుడు మాత్రం ఎవరి మాటా వినకుండా గోడల్ని కోటగోడల్లా కట్టించాడు. కరెంటుకు పైపు వేయించాడు, టీవీకి వేయించాడు, కాలింగ్ బెల్లుకు కూడా వేయించాడు. ఇంటర్నెట్‌కు వేయించలేదు. అది గాలిలో వచ్చేదే కదా, పైపు దేనికన్నాడు.

గాలిలోనే వచ్చింది. కంపెనీవాళ్లు వీధిలోని వైరును ముందు గదిలోకి తెచ్చి, చెప్పుల స్టాండు మీద ఒక రౌటరుకు తగిలించి చేతులు దులుపుకున్నారు. అక్కడినుంచి బయల్దేరిన సిగ్నలు మొదటి గోడ దాటేసరికి రొప్పేది, రెండో గోడ దగ్గర చతికిలబడేది.

దాంతో ఇంటిల్లిపాదీ ముందు గదికే చేరారు. కాలేజీలో చదివే కూతురు చెప్పుల స్టాండుకు వీపు ఆనించి పరీక్షలు రాసేది. భార్య కుట్టుపని నేర్పే టీచరు. మిషను, కత్తెర, టేపు అన్నీ సోఫా పక్కకు తెచ్చుకుని, సాయంత్రాలు ఎక్కడెక్కడి వాళ్లకో ఫోన్లో చొక్కాలు కత్తిరించడం నేర్పేది. మొగుడు జానెడు దూరంలో కూర్చుని నిట్టూరుస్తుంటే ఎవరికైనా నోరు పెగులుతుందా? గొంతు తగ్గించి, అరంగుళం వదలండి, మడవండి, కుట్టండి, అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పేది కాదు. ఆయన టీవీలో చర్చ పెట్టబోతే సౌండు తీసేయమని చేత్తో సైగ చేసేది. ఆయన మూగ చర్చలు చూసేవాడు. నా మట్టుకు నాకు చర్చలు చూడడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు. ఆయనకు మాత్రం పరువు తక్కువనిపించింది.

ఒకనాడు ఆయన ప్రతి గదికీ వైరు లాగిస్తానని ప్రకటించాడు. ఇదంతా మీ సుఖం కోసమేనన్నాడు. నిజానికి సోఫా కోసం. భార్య "మీ ఇష్టం" అంది. ఆ మాటకు నిఘంటువులో ఒక అర్థం, ఇళ్లలో ఒక అర్థం ఉంటాయి. ఆయన నిఘంటువుదే తీసుకున్నాడు.

వైర్‌మన్ వచ్చి ముందు గదికీ వెనక గదికీ మధ్యనున్న గోడను వేళ్లతో తట్టి, ఈ ఇంటికి ప్లాను గీసిందెవరని అడిగాడు. కూతురు నోరు తెరిచేలోగా ఆయన అడ్డుపడి, ఎవరో తెలిసినతనన్నాడు. డ్రిల్లింగ్ మెషిను ఇటునుంచి సగం, అటునుంచి సగం తొలిచింది. రెండు కన్నాలూ మాటల్లేని తోడికోడళ్లలా పక్కపక్కనుంచే వెళ్లిపోయాయి తప్ప కలుసుకోలేదు. వాటిని కలపడానికి సుత్తి, ఉలి దిగాయి. చివరికి పుల్లంత వైరు కోసం పిడికిలి దూరేంత కన్నం మిగిలింది. రేపు వచ్చి పూడుస్తానని వైర్‌మన్ వెళ్లిపోయాడు. వైర్‌మన్ల రేపు గురించి మీకు నేను చెప్పాలా?

మిషనూ భార్యా వెనక గదిలోకి వెళ్లారు. కూతురు తన గదికి వెళ్లింది. ఆ సాయంత్రం ఆయన సోఫాలో కాళ్లు బారజాపి టీవీకి పూర్తి సౌండు పెట్టాడు. ఇన్నాళ్లూ తను ఏమేం పోగొట్టుకున్నాడో అప్పుడు తెలిసింది: ఏమీ లేదు.

సౌండు తగ్గించాడు. గోడలోంచి నవ్వులు వినబడ్డాయి. ఒకరివి కాదు, పదిమందివి. వాటి మధ్య ఒక గొంతు ధారాళంగా మాట్లాడుతోంది. అది తన భార్యదేనని పోల్చుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది.

"కొలత ఇచ్చేటప్పుడు మా ఇంట్లో ఒకాయన పొట్ట లోపలికి లాక్కుంటారు" అంటోంది ఆమె. "నేనూ ఆ లాక్కున్న పొట్టకే చొక్కా కుట్టాను. వేసుకుని భోజనానికి కూర్చున్నారు. బొత్తాం ఎగిరి మంచినీళ్ల గ్లాసులో పడింది."

ఆయనా నవ్వాడు. సగం నవ్వాక ఆ ఒకాయన తనేనని గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె నవ్వలేదు. మాట్లాడకుండా బొత్తాం తీసి, తుడిచి, మళ్లీ కుట్టింది. ఇంత నవ్వును ఇన్నేళ్లు ఎక్కడ దాచింది?

మర్నాటినుంచి టీవీ సౌండు ఆయనే తీసేయడం మొదలుపెట్టాడు. సోఫా మెల్లగా గోడవైపు జరిగింది. టీవీ పాడైందా నాన్నా అని కూతురు అడిగితే, మెదడుకు విశ్రాంతి ఇస్తున్నానన్నాడు.

అలా వింటుండగానే ఒకనాడు పాఠం అయ్యాక శిష్యురాలెవరో సెంటరు సంగతి ఏమైందని అడిగింది. బట్టల కంపెనీ ఒకటి వేరే ఊళ్లో శిక్షణ కేంద్రం పెడుతోంది. దాన్ని నడపడానికి ఆమెను రమ్మంటోంది. అక్కడే ఉండాలి, వారాంతంలో ఇంటికి రావచ్చు.

"వెళ్లాలనే ఉందమ్మా. ఇంట్లో ఇంకా చెప్పలేదు" అంది ఆమె. "నీ పనెలా ఉందని ఆయన ఎప్పుడూ అడగలేదు. అడిగితే అప్పుడు చెబుదామని చూస్తున్నా."

ఇక ఆయన పరిస్థితి తేలుకుట్టిన దొంగదే! అడిగితే విన్నానని తేలిపోతుంది, అడక్కపోతే ఆమె చెప్పదు. భోజనాల దగ్గర గుండె చిక్కబట్టుకుని, మిషను బాగా తిరుగుతోందా అన్నాడు. తిరుగుతోందంది. దారం అదీ దొరుకుతోందా అన్నాడు. దొరుకుతోందంది. అక్కడితో ఆయన ధైర్యం అయిపోయింది.

ఆ వారంలోనే, ఎవరూ ఊహించని విధంగా, వైర్‌మన్ సిమెంటు తీసుకుని వచ్చాడు. దుమ్ము వస్తోంది, త్వరగా పూడ్చమని ఆమె తొందరపెట్టింది. ఆయన వెళ్లి కన్నానికి అడ్డంగా నిలబడ్డాడు. ఉండనీ, గాలి ఆడుతుందన్నాడు.

"రెండు గదులకూ కిటికీలుండగా ఇంకా గాలెందుకండీ?" అంది భార్య.

ఆయన తల వంచుకున్నాడు. "ఆ సెంటరుకు ఎప్పుడు వెళ్తున్నావ్?"

వైర్‌మన్ హఠాత్తుగా తన సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆమె కన్నాన్ని చూసింది, గోడకు ఆనుకున్న సోఫాను చూసింది, మూగగా ఆడుతున్న టీవీని చూసింది.

"ఎప్పట్నుంచి వింటున్నారు?"

"బొత్తాం కథ చెప్పినప్పట్నుంచి."

తిడుతుందనుకున్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వును, మధ్యలో గోడ లేకుండా, వినడం ఆయనకు అదే మొదలు. నవ్వడం అయ్యాక ఆమె మొహంలో ఇంకేదో కనబడింది. దాన్ని ఆయన సూటిగా చూడలేకపోయాడు.

"నా పని గురించి ఒక్క మాట అడగడానికి మీకు ఇంత కన్నం కావలసొచ్చింది" అంది. తర్వాత, వచ్చే నెల మొదటి తేదీన చేరుతున్నానని చెప్పింది. ఆమె అనుమతి అడగలేదు, తేదీ చెప్పింది. ఆయనకు ఆ తేడా తెలిసింది. వెళ్లి రమ్మన్నాడు.

ఆమె చెప్పినట్టే వైర్‌మన్ కన్నం పూడ్చాడు. ఆమె చెప్పిన తేదీకే వెళ్లింది. ఇప్పుడు సోఫా మొత్తం ఆయనదే. సాయంత్రాలు అందులో కూర్చుని ఆమెకు ఫోన్ చేసి, ఇవాళ ఏం నేర్పావని అడుగుతాడు. ఆమె చెబుతుంది. అడిగినప్పుడల్లా చెబుతుంది. అంత సులువైన పని ఇరవై ఏళ్లు ఎందుకు చేయలేదో ఆయనకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

కాబట్టి పాఠకులారా, ఆలస్యం చేయకండి. డ్రిల్లింగ్ మెషిన్లు తెప్పించండి, గోడలు తొలిపించండి. అంత దుమ్ము మాకు పడదనుకునేవారికి ఒక పాత పద్ధతి కూడా ఉంది. మీ ఇంటి ప్లాను తీసి చూడండి. ప్రతి గదికీ ఒకచోట గోడ గీత తెగి, పక్కన 'డి' అనే అక్షరం ఉంటుంది. మా ప్లాన్లాయన దాన్ని తన చేత్తో కొన్ని వేలసార్లు రాశాడు.

దాన్ని తలుపంటారట.