ట్రాన్స్‌ఫార్మర్ పక్కన డబ్బా

ఆ సోమవారం పొద్దున గ్రబోవ్‌స్కీ గారికి ఉన్న పని ఒక్కటే. ఇనుప గోలీని ఎగరగొట్టి ఆడే పిన్‌బాల్ యంత్రం నమూనాను చెక్కపెట్టెలో బిగించి, తొమ్మిదింటికల్లా లారీ ఎక్కించడం. అది తైవాన్ చేరితే, దాన్ని చూసి అక్కడివాళ్లు చవగ్గా యంత్రాలు చేసిపెడతారు. షికాగోలోని ఆయన ఫ్యాక్టరీకి తాళం పడుతుంది. వైర్లు కట్టే నలభైమంది ఆడవాళ్లు ఇళ్లకు పోతారు.

ఆ నలభైమందిలో పెద్దది స్టెల్లా. ఇరవై రెండేళ్లుగా ఆమె ఏ చలికాలమూ చల్లటి తిండి తిని ఎరగదు. యంత్రం పొట్ట సగం ఖాళీ, అందులోని ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ వేడి. పక్కన డబ్బా పెడితే మధ్యాహ్నానికి బంగాళాదుంప, వేయించిన ఉల్లిపాయ కూరిన పిరోగీ కుడుములు పొగలు కక్కుతాయి. ఆ ఉల్లిపాయ వాసన పడకే గ్రబోవ్‌స్కీ గారు గోడమీద నోటీసు అంటించారు: "యంత్రంలో తిండి డబ్బా పెట్టినవారి ఉద్యోగం పోతుంది."

చెక్కపెట్టెకు మేకులు దిగుతుంటే స్టెల్లా పరుగున వచ్చి ఫోర్‌మన్ వాల్టర్ చొక్కా పట్టుకుంది.

"వాల్టరూ, నా డబ్బా అందులోనే ఉండిపోయిందయ్యా!"

"నెమ్మదిగా! ఆయన విన్నాడంటే ఇవాళే ఇంటికి పోతావ్."

"ఎలాగూ పోయేదాన్నేగా!"

"ఈ నెల జీతమన్నా తీసుకుని పో. నోర్మూసుకో తల్లీ."

ఆరు వారాలకు తైవాన్ నుంచి టెలెక్స్ సందేశం వచ్చింది. గ్రబోవ్‌స్కీ గారు వాల్టర్‌ను పిలిచారు.

"ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రేకు డబ్బా ఏంటయ్యా? నక్షాలో లేదంటున్నారు."

"బరువు సార్. ఆడేవాడు ఎంత కుదిపినా యంత్రం కదలకుండా."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"రహస్యం సార్. పోటీవాళ్లు కాపీ కొడతారని నక్షాలో కూడా ఎక్కించలేదు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వాల్టర్‌ది మరీ అతికిపోయింది. డబ్బా లేకుండా ఒక్క యంత్రమూ చేయవద్దని గ్రబోవ్‌స్కీ గారు గర్వంగా జవాబు కొట్టించారు.

వారానికి ఇంకో టెలెక్స్. డబ్బా తనంతట తానే ఉబ్బుతోందట. పనివాళ్లు దగ్గరికి పోవాలంటే ప్రమాద భత్యం అడుగుతున్నారట. లోపల ఏముందో దయచేసి తెలపాలట.

"ఏముందయ్యా?" అన్నారు గ్రబోవ్‌స్కీ గారు.

"చెప్పకండి సార్! గుట్టు బయటపడుతుంది."

"చచ్చినా చెప్పను!" అన్నారాయన, తెలియకపోయినా. "డబ్బాలు మనమే చేసి విమానంలో పంపుదాం."

ప్రమాద భత్యం, విమానం కిరాయి, డబ్బాలకో ప్రత్యేక గది, అన్నీ కలుపుకుని తైవాన్ వాళ్ల తుది ధర వచ్చింది. అది షికాగో ఖర్చును మించిపోయింది. గ్రబోవ్‌స్కీ గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి చించేశారు.

"డబ్బా పని వాళ్లవల్ల కాదు వాల్టర్. మనవాళ్లే చెయ్యాలి. ఎవరూ ఎక్కడికీ పోవక్కర్లేదని చెప్పు."

స్టెల్లా వైర్ల బల్లమీద తల ఆనించి ఏడ్చేసింది. రెండు నెలలుగా గుండెలమీదున్న బండ దిగిపోయింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నాకో కొత్త డబ్బా కొనిపెట్టు వాల్టరూ," అంది.

మర్నాడు గోడమీద పాత నోటీసు పోయి కొత్తది వెలిసింది: "యంత్రంలో డబ్బా పెట్టనివారి ఉద్యోగం పోతుంది."