అమ్మమ్మ పుస్తకంలో ఎరుపు

మా వంశంలో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. అందుకని మా కుమాసీ నగరంలో మావాళ్లెవరు కన్నుమూసినా వచ్చినవాళ్లకు పంచే అంత్యక్రియల పుస్తకం, పోయినవాళ్ల ఫొటోలతో, జీవితకథతో, తయారుచేసే పని నాకే వస్తుంది. చావులూ ఆగవు, నా గౌరవమూ ఆగదు.

ఈసారి మా అమ్మమ్మ కొనామా. తొంభై దాటి, హాయిగా వెళ్లిపోయింది. ఆమె జీవితకథ కన్నీళ్లతో రాశాను: “అక్షరం రాకపోయినా, కనిపించినవాళ్లనల్లా అడుగుతూ ఏ ఊరి సంతకైనా వెళ్లి, సరుకంతా అమ్ముకొచ్చేది.”

తొందరలో ఒక పొరపాటు జరిగింది. నిరుడు లారీ ప్రమాదంలో పోయిన కుర్రాడి పుస్తకాన్ని కంప్యూటర్లో తెరిచి, పేర్లు మార్చి, అందులోనే రాసేశాను. శీర్షికలన్నీ ఎరుపు. మా ఆచారంలో ఎరుపు అకాలమరణానికి. నిండుగా బతికిన మనిషికి నలుపూ తెలుపే. అమ్మమ్మ పేరు ఎర్రగా పడితే “ముసలమ్మను ఎవరేం చేశారు?” అని ఊరంతా అడుగుతుంది. పైగా సాయంత్రం కుటుంబ పెద్ద, మా మేనమామ ఒచెరే, చూసి సరేనంటేనే అచ్చుకు వెళ్తుంది.

రంగు మార్చడం ఎంతసేపని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ ఉదయమే అది తనంతట తాను కొత్త వేషం కట్టింది. పైన బొత్తాల పట్టీలో మాటలన్నీ పోయి బొమ్మలు మిగిలాయి. ఏళ్లుగా చెయ్యి అలవాటుగా వెళ్లేచోట రంగు లేదు. చీపురులాంటిదేదో ఉంది.

నా భార్య దూఫీని అడగొచ్చు. కానీ పెళ్లయిన కొత్తలో ఆమెకు కంప్యూటర్ నేర్పింది నేనే. గురువు వెళ్లి శిష్యురాలిని అడగడమా? ఉపాయం తట్టింది.

“దూఫీ, ఇలా రా. నీకెంత గుర్తుందో పరీక్ష పెడతాను.”

“పొయ్యి మీద వేరుశెనగ పులుసుంది మాస్టారూ.”

“ఒక్క నిమిషం. ఫొటో పెట్టే బొత్తం ఏది?”

నేను గురువుగారిలా కళ్లు మూసుకున్నాను. టకటకమని చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి బొత్తం దొరికింది.

“శభాష్! పేజీ అంకెలు?”

మళ్లీ కళ్లు మూశాను. అదీ దొరికింది.

“మరి అక్షరాల రంగు?”

దూఫీ తెర మీది ఎరుపు చూసింది. నా మొహం చూసింది. “ఆ పాఠం మీరింకా చెప్పలేదు,” అని గరిటె తీసుకుని వెళ్లిపోయింది.

అంతలోనే మావయ్య దిగాడు. తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎరుపేంట్రా? మా అమ్మను కూడా లారీ గుద్దిందా?”

“ఇప్పుడే మార్చేస్తాను మావయ్యా.”

చీపురు నొక్కాను. అక్షరాలు లావెక్కాయి. పక్కది నొక్కాను. ఫొటోలో అమ్మమ్మ తలకిందులైంది.

“మా అమ్మ బతికుండగా ఎవరికీ తల వంచలేదు,” అన్నాడు మావయ్య.

కరెంటు పోతే బాగుండుననుకున్నాను. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు.

“దూఫీ!”

“ఏం, ఇంకో పరీక్షా?”

“కాదు. నాకు తెలియడం లేదు.”

ఆమె చెయ్యి తుడుచుకుని వచ్చింది. తెర పైన, నేను కన్నెత్తి చూడని ఒక ఖాళీ గడి ఉంది. అందులో ‘అక్షరాల రంగు’ అని కొట్టింది. బొత్తం దానంతట అదే ముందుకొచ్చింది. ఎరుపు నలుపైంది. ఇంకోమాట కొడితే అమ్మమ్మ నిటారుగా నిలబడింది.

“ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావు?”

“నేర్చుకోలేదు. మీరు నన్నడిగినదల్లా నేను దాన్ని అడిగాను.”

మావయ్య జీవితకథ చదివి వినిపించమన్నాడు. ‘కనిపించినవాళ్లనల్లా అడుగుతూ’ దగ్గర తడబడి, ఆ మాటే రెండోసారి చదివాను. దుఃఖమనుకుని మావయ్య వీపు నిమిరాడు. దూఫీ మాత్రం అలా అనుకున్నట్టు లేదు.

“చివర ‘కూర్పు’ అని ఎవరి పేరు వేయాలి పెద్దయ్యా?” అని ఆమె మావయ్యను అడిగింది.

“చేసినవాళ్లదే వెయ్యి.”

పైన తన పేరు, కింద నా పేరు కొట్టింది. తర్వాత కుర్చీ నా వైపు జరిపింది.

“మీ పేరు కాస్త చిన్నగా ఉండాలి. ఎలాగో చేసి చూపించండి. పరీక్ష.”

నేను బొమ్మల వైపు చూడలేదు. పైనున్న ఖాళీ గడిలోకి వెళ్లి, ‘చిన్నగా కావడం ఎలా?’ అని అడిగాను.