అత్తాఅల్లుళ్ల తొలి మునక

ఆ ఆదివారం ఉదయం అనుకున్నది ఇంతే. పెందలాడే రేవుకు చేరడం, చిన్న బోటెక్కి సముద్రంలోకి వెళ్లడం, ఒకసారి మునిగి తేలడం, భోజనాల వేళకు ఇంటికొచ్చి పడటం. ఇంత తేలికైన పథకం వేసింది ఇంటి ఇల్లాలు. ఆవిడ పళ్ల డాక్టరు. ఎదుటివాళ్ల చేత నోరు తెరిపించి, వాళ్లు జవాబు చెప్పలేని స్థితిలో ఉండగా తన నిర్ణయాలు వినిపించడం ఆవిడకు వృత్తిరీత్యా అబ్బిన విద్య. అలాగే భర్తనూ తల్లినీ తనతోపాటు నెల రోజులు ఈతకొలనుకు లాక్కెళ్లింది. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఊపిరి పీల్చడం ముగ్గురూ కలిసే నేర్చుకున్నారు. తీరా సముద్రంలో దిగే రోజు వచ్చేసరికి, ఎవరిదో పన్ను అర్జంటుగా పీకాలంటూ ఆవిడ చెప్పులేసుకుంది.

"మీరిద్దరూ వెళ్లి రండి. డబ్బులు కట్టేశాను" అని గుమ్మంలోంచే చెప్పి మాయమైంది.

ఆ ఇద్దరిలో ఒకరు అల్లుడు. కళ్లజోళ్ల షాపు నడుపుతాడు. కొలనులో నిలబడితే నీళ్లు గుండెల దాకానే వచ్చేవి కాబట్టి అక్కడ ధైర్యంగానే ఉన్నాడు. సముద్రం తలుచుకుంటే మాత్రం అరికాళ్లకు చెమట పట్టేది. రెండోవారు అత్తగారు. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ ఈల వేస్తే వీధి చివర కుక్క కూడా నిటారుగా నిలబడుతుందని చెప్పుకునేవారు. అలాంటి మనిషి ముందు "భయమేస్తోంది" అనడానికి అల్లుడికి నోరు పెగల్లేదు. పైగా, "అమ్మకు లోపల బెరుకండీ, పైకి చెప్పదు. మీరు పక్కనుంటేనే దిగుతుంది" అని భార్య ముందే అతని చెవిలో వేసింది.

రేవులో బోటును చూడగానే అతని ప్రాణం ఉసూరుమంది. ఆరుగురు కూర్చుంటే ఏడోవాడి మోకాళ్లు నీళ్లలో ఉంటాయి. అతను ఈడ్చుకొచ్చిన చక్రాల సూట్‌కేసును చూసి, బోటు నడిపే పెద్దాయన అడిగాడు.

"ఏం బాబూ, కాపురం మారుస్తున్నారా?"

"తువ్వాళ్లండీ. బట్టలు, మందులు, చెప్పులు, ఇంకో జత చెప్పులు..."

"చేతిసంచిలో పట్టినవే బోటెక్కుతాయి. మిగతావన్నీ ఒడ్డునే."

రెండు తువ్వాళ్లు చేతిసంచిలోకి మారాయి. సూట్‌కేసు టికెట్ల గదిలో ఉండిపోయింది. దాని అదృష్టానికి అల్లుడికి అసూయ కలిగింది.

బోటులో వాళ్లకు తోడుగా ఉన్నది ట్రైనరమ్మాయి. ఎవరి సామాను వాళ్ల బుట్టలోనే ఉండాలనీ, కింద పెట్టినది ఎవరో ఒకరి కాలి కింద పడి నలుగుతుందనీ, కడుపులో తిప్పితే దూరంగా ఒడ్డును చూస్తూ కూర్చోవాలనీ, బాతుకాళ్ల లాంటి రబ్బరు తొడుగులు బోటు అంచున కూర్చున్నాకే వేసుకోవాలనీ గబగబా చెప్పింది. తరవాత నీళ్లలో చేసే సైగలు మరోసారి చూపించింది. అప్పుడు అల్లుడు రబ్బరు సూటుతో కుస్తీ పడుతున్నాడు. ఎట్టకేలకు అందులో దూరి, జిప్పు గడ్డం దాకా లాక్కుని, గెలిచినట్టు తలెత్తాడు.

"సార్, జిప్పు వీపు వైపు రావాలి" అంది ట్రైనరు.

కుస్తీ మళ్లీ మొదటికొచ్చింది.

బోటు అలల మీద ఎగిరెగిరి పడుతోంది. అత్తగారు వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని, బొమ్మలా కూర్చున్నారు. 'ఏం నిబ్బరం! ఈవిడకు బెరుకా?' అనుకున్నాడు అల్లుడు. నిజానికి ఆవిడకు కడుపులో దేవేస్తోంది. పెదవులు కదిపితే ఏమవుతుందో తెలియక బిగించుకున్నారు. మధ్యలో ఒక కన్ను తెరిచి చూస్తే, అల్లుడు ఛాతీ విరుచుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. సూటు బిగుతుకు ఊపిరాడక అలా ఉన్నాడని తెలియక, 'ఎంత ధైర్యవంతుడు!' అని నిట్టూర్చారు.

ఇక లాభం లేదని అల్లుడు ఒక ఉపాయం ఆలోచించాడు. చెవులు మూసుకుపోతే సముద్రంలో దిగనివ్వరని కొలనులోనే చెప్పారు. మెల్లగా ట్రైనరు దగ్గరికి జరిగి, అత్తగారికి వినపడకుండా చెప్పాడు.

"చెవులు మూసుకుపోయాయండీ."

ఇంజను హోరులో ట్రైనరు అరచెయ్యి చెవికి ఆనించి, ముఖం వెలిగించుకుంది.

"చేపలు చూసుకుపోదామనా? తప్పకుండా సార్! మంచి చోటికే తీసుకెళ్తా. అన్నా, ఇంకాస్త లోపలికి పోనీ!"

బోటు ఇంకాస్త లోపలికి పోయింది. దాంతో అల్లుడి కడుపులోది పైకి వచ్చింది. అతను చటుక్కున లేచి దగ్గరున్న అంచు మీదకి వంగాడు.

"అటు కాదు బాబూ! గాలి వచ్చే వైపు కాదు, పోయే వైపు..." అని పెద్దాయన అరిచేలోపే, గాలి ఎవరిది వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. పెద్దాయన బకెట్టుతో సముద్రపు నీళ్లు తోడి అతని మీద పోశాడు.

లంగరు వేశాక ట్రైనరు ఇద్దరి జాకెట్లలో గాలి నింపి, పట్టీలన్నీ లాగి చూసి, చెరో అంచున కూర్చోబెట్టింది. "నేను ముందు దిగుతా. మూడు అనగానే ఇద్దరూ ఒకేసారి వెనక్కి పడాలి. ఒక్కరే పడితే బోటు ఒరుగుతుంది" అని చెప్పి నీళ్లలో పడింది.

అత్తగారు "నా వల్ల కాదమ్మా" అనడానికి నోట్లోని గాలి గొట్టం తీయబోతున్నారు. అల్లుడు అప్పటికే తీసేశాడు.

"ఒకటి!" అంది ట్రైనరు.

"ఒక్క నిమిషం!" అంటూ అల్లుడు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కాస్త వెనక్కి వెళ్లింది. సిలిండరు ఇంకాస్త వెనక్కి లాగింది. బాతుకాళ్లు రెండూ ఆకాశంలోకి లేచి, బోటు అవతల మాయమయ్యాయి.

గొట్టం నోట్లో లేకుండా కూతురి మొగుడు సముద్రంలో పడిపోవడం అత్తగారు కళ్లారా చూశారు. మర్యాదలు మరిచిపోయి, స్కూలు మైదానంలో అరిచినట్టు "ఏయ్! గొట్టం నోట్లో పెట్టు!" అని అరిచి, తన గొట్టం బిగించుకుని ధబేలున వెనక్కి పడ్డారు. పడి, బోటు చుట్టూ ఈదుకుంటూ వచ్చారు. గాలి నింపిన జాకెట్టులో బిరడాలా తేలుతూ దగ్గుతున్న అల్లుడి భుజం పట్టీ దొరకబుచ్చుకున్నారు.

"నేనున్నానుగా. నా వైపు చూడు. పీల్చు... వదులు... పీల్చు..."

పెళ్లయిన పదేళ్లలో అత్తగారు తనను 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఎందుకో అల్లుడికి దడ తగ్గింది.

"ఇంత హుషారైన కొత్తవాళ్లను నేనెక్కడా చూడలేదు!" అంది ట్రైనరు. ఆ మాట తరవాత వెనక్కి వెళ్తామనే ధైర్యం ఇద్దరికీ లేదు.

జాకెట్లలో గాలి తీసేసి, లంగరు తాడు పట్టుకుని, ముక్కు నొక్కి చెవులు సర్దుకుంటూ, మెల్లగా కిందికి దిగారు. అడుగుకు చేరాక ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. పైనున్న కుదుపు కింద లేదు. నీలం వెలుతురు. ఎవరి ఊపిరి వాళ్లకే వినిపిస్తోంది. పసుపు చారల చేపల గుంపు వాళ్లను రెండు రాళ్ల కింద జమకట్టి చుట్టూ తిరిగి వెళ్లింది. రాతి చాటునుంచి ఒక తాబేలు వచ్చి, అత్తగారి ముఖంలోకి తీరిగ్గా చూసి, తన దారిన తాను పోయింది. అల్లుడికి ఆనందం పట్టలేక, 'అద్భుతం!' అన్నట్టు బొటనవేలు పైకెత్తి ట్రైనరుకు చూపించాడు.

ట్రైనరు వెంటనే ఇద్దరినీ పైకి తీసుకెళ్లిపోయింది.

"ఏమైంది సార్? ఎక్కడ నొప్పి?"

"నొప్పేంటండీ? బ్రహ్మాండంగా ఉంది!"

"బ్రహ్మాండంగా ఉంటే వేళ్లు సున్నాలా చుట్టాలి. బొటనవేలెత్తితే పైకి పోదామని!"

"ముందే చెప్పొచ్చు కదండీ?"

"చెప్పాను. మీరు జిప్పులో ఉన్నారు."

అక్కడే బోటెక్కి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. "మళ్లీ దిగుదామా?" అని అడిగింది మాత్రం అల్లుడే. ఈసారి లోపల అత్తగారికి తాబేలు తిరిగి కనిపించి బొటనవేలు లేవబోతే, అతను గబుక్కున ఆ వేలు మడిచి, సున్నా చుట్టించాడు. ఆవిడ నవ్వితే కళ్లనూ ముక్కునూ కప్పిన అద్దంలోకి నీళ్లొచ్చాయి.

బోటు మీద తువ్వాళ్లు చుట్టుకుని కూర్చున్నాక అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యగారూ, నిజం చెప్పేస్తాను. నాకు చచ్చే భయం. మీకు బెరుకని, తోడు రమ్మని మీ అమ్మాయి చెబితే వచ్చాను."

అత్తగారు తల తుడుచుకోవడం ఆపారు. "నాకు చెప్పిందేమిటో తెలుసా? నీకు భయమని, ఒక్కణ్ణీ పంపొద్దని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రేవు దగ్గర పడగానే అత్తగారు కూతురికి ఫోను చేసి, స్పీకరు పెట్టారు.

"ఇద్దరికీ చెరో మాట చెప్పావటే?"

"ఇద్దరికీ భయమేగా అమ్మా? అందులో అబద్ధమేముంది?"

"మరి నువ్వెందుకు రాలేదు?"

"చెప్పానుగా, పన్ను..."

"అదెవరి పన్ను? ఆదివారం కాంపౌండరుకు కూడా సెలవేగా?" అన్నాడు అల్లుడు.

అవతల గొంతు సన్నబడింది. "అంత చిన్న బోటని నాకేం తెలుసండీ? మొన్న రేవుకెళ్లి, దాన్ని చూసి అట్నుంచటే వెనక్కొచ్చేశాను. మీరిద్దరూ క్షేమంగా వస్తే, అప్పుడు చూద్దామని..."

అల్లుడు పడీపడీ నవ్వాడు. అత్తగారు ట్రైనరు వైపు తిరిగి, "వచ్చే ఆదివారం ముగ్గురికి చోటు ఉంచమ్మా" అన్నారు. తరవాత గొంతు తగ్గించి ఫోనులో చెప్పారు. "ఏం కాదే పిచ్చిదానా. చెరో చెయ్యి మేం పట్టుకుంటాంగా."

"హలో... హలో... ఏమీ వినపడట్లేదమ్మా" అంటూ కూతురు ఫోను పెట్టేసింది. సిగ్నల్ మాత్రం నిండుగా ఉంది.