తలుపు లేని ఆఫీసు

"ఈ గ్లాసు ఎవరిది?"

శనివారం పొద్దున్నే ఇంట్లో అందర్నీ నిలబెట్టి కోడలు వేసిన ప్రశ్న ఇది. భోజనాల బల్ల మీద మూసిపెట్టిన ఆమె లాప్‌టాప్ పైన, ఎవరో సగం నీళ్ళు తాగి పెట్టిన గ్లాసు గుండ్రంగా తడి మచ్చ వేసింది.

"నేను చెంబుతో తాగుతాను," అన్నారు అత్తగారు.

"నాన్న," అంది పాప, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"నాదయితే ఖాళీగా ఉండేది. నేనెప్పుడైనా సగంలో ఆపానా?" అన్నాడు భర్త.

మామగారు పేపరు కాస్త పైకి లేపి మొహం దాచుకున్నారు. దానితో గ్లాసు ఎవరిదో తేలిపోయింది గానీ, పెద్దాయన్ని ఏమంటాం అని కోడలు పమిటచెంగుతో మచ్చ తుడుచుకుంది. బీమా కంపెనీ తరఫున ఫోన్లో ఫిర్యాదులు వినడం ఆమె ఉద్యోగం. పరాయివాళ్ళ గొడవలు ఓపిగ్గా వినీ వినీ, ఇంట్లో గొడవల దగ్గరికి వచ్చేసరికి ఆమెకి ఓపిక అడుగంటిపోతోంది.

"మధ్యాహ్నం మూడింటికి మా మేడమ్ నా ఆఫీసు చూస్తుంది. వీడియోలో ఈ గరిటెలూ గిన్నెలూ చూపించనా? ఆవిడకి నచ్చకపోతే ఇంటి నుంచి పని ఆఖరు. మళ్ళీ రెండు బస్సులు మారి పోవాలి. పాప లేవకముందే వెళ్ళి, అది పడుకున్నాక రావాలి."

ఆ మాటకి పాప పుస్తకం మూసింది. భర్తకి పౌరుషం వచ్చింది.

"సామాన్ల గది ఊరికే పడి ఉందిగా! పైసా ఖర్చు లేకుండా దాన్ని ఆఫీసు చేసేస్తా. నువ్వలా చూస్తూ ఉండు."

"పోయినసారి పైసా ఖర్చు లేకుండా మీరు కుళాయి బాగు చేశారు. కింద వాటాలో ఇంటి ఓనరు గారు వారం పాటు గొడుగేసుకుని వంట చేసుకున్నారు."

"అది కుళాయి. ఇది చెక్కపని," అంటూ ఆయన స్క్రూడ్రైవరు వెతకడానికి లేచాడు.

ముందు సామాన్ల గదిలోవన్నీ తెచ్చి భోజనాల బల్ల మీద గుట్టపోశాడు. అత్తగారు అది చూసి బుగ్గలు నొక్కుకున్నారు. మేడమ్ చూస్తుందంటే స్వయంగా మెట్లెక్కి వచ్చి చూస్తుందనే ఆవిడ అనుకున్నారు. "ఇంటికి పెద్ద మనిషి వస్తుంటే ఈ సంత ఏమిట్రా?" అని కొడుకు చేత బల్లని గుట్టతో సహా వరండాలోకి తోయించారు. తర్వాత లోపలికి వెళ్ళి మంచి చీర కట్టుకున్నారు. మామగారి చేతికి ఇస్త్రీ చొక్కా ఇచ్చారు. వీడియో అంటే ఏమిటో కోడలు వివరించబోతే, "నాకు తెలుసులేమ్మా, వచ్చి వీడియో తీసుకుంటుంది," అనేశారు.

ఇక ఆఫీసుకి ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చారు. మామగారు తన చేతుల కుర్చీ ఇస్తూ, "అమ్మాయి ఉద్యోగం కన్నా నాకిది ఎక్కువా?" అన్నారు. ఆ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చోవడం ఇంతవరకు ఎవరూ ఎరుగరు. అత్తగారు తన టేబుల్ ఫ్యానూ, పాప తన చదువు దీపమూ ఇచ్చారు. వచ్చేవాళ్ళకి ఉండాలని హాల్లో కుర్చీలన్నీ వెళ్ళాయి. నేల మీద తివాచీ, కిటికీ కర్టెన్లు వాటి వెనకే నడిచాయి. కోడలికి గుండె నిండిపోయింది. ఈ ఇంట్లో తన పని కోసం ఇంతమంది ఇన్ని వదులుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మరి బల్ల?" అంది.

"అదిగో," అన్నాడు భర్త గర్వంగా.

రెండు ట్రంకు పెట్టెల మీద పొడుగాటి చెక్క పరిచి ఉంది. నున్నగా, వెడల్పుగా, చూడముచ్చటగా ఉంది. ఒక అంచున ఇత్తడి గడియ కూడా మెరుస్తోంది.

"బల్లకి గడియ ఎందుకండీ?"

"మరలు ఊడి రాలేదు. ఉండనీ, అందంగానే ఉందిగా."

ఆమె గుమ్మం వైపు చూసింది. గుమ్మం ఉంది. తలుపు లేదు.

"మీరు ఈ గది తలుపే ఊడదీశారా?"

"మరి? వేరే గది తలుపు తీస్తే ఆ గదికి ఇబ్బంది కదా!"

మూడు కావస్తుండగా కోడలు లాప్‌టాప్ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. అప్పటికే అక్కడ చోటు లేదు. మామగారు ఇస్త్రీ చొక్కాలో తన కుర్చీలో కూర్చుని గురక పెడుతున్నారు. ఫ్యాను ఎదుట అత్తగారు మంచి చీరతో ముస్తాబై ఉన్నారు. దీపం కింద పాప ఎక్కాలు గట్టిగా వల్లిస్తోంది. తివాచీ మీద భర్త, అంత చాకిరీ చేసినవాడు, కాళ్ళు బారజాపుకుని పడుకున్నాడు. ఎవరి వస్తువు ఎక్కడుంటే వాళ్ళూ అక్కడికే చేరారు.

"అందరూ కాస్త బయటికి వెళ్తారా?"

"ఎక్కడికి వెళ్ళమంటావమ్మా? బయట కూర్చోడానికి ఏమైనా ఉంచాడా వీడు?" అన్నారు అత్తగారు. అదీ నిజమే.

కోడలు హాల్లోకి పరుగెత్తింది. లోపలి తలుపు గడియ వేసుకుని, బకెట్ బోర్లించి కూర్చుని, కిటికీ గట్టు మీద లాప్‌టాప్ పెట్టింది. వెనక ఉత్త గోడ. మేడమ్ తెర మీద ప్రత్యక్షమైంది. గదిని పరకాయించి చూసి, "ఇదేనా మీ ఆఫీసు?" అంది. కోడలికి రెండు బస్సులూ కళ్ళముందు కదిలాయి.

సరిగ్గా అప్పుడే, ఆమె మూయడం మరిచిన వీధి తలుపు తెరుచుకుంది. పొద్దుట్నుంచీ నెత్తిమీద సామాన్లు ఈడుస్తున్న చప్పుడు విని, వరండాలో గుట్ట చూసి, వీళ్ళు చెప్పకుండా ఖాళీ చేస్తున్నారని తీర్మానించుకున్న ఇంటి ఓనరు, అద్దెకి వచ్చే ఒక జంటని వెంటబెట్టుకుని లోపలికొచ్చాడు. కోడలు కిటికీవైపు తిరిగి ఉండటంతో ఆయన ఆమెని పట్టించుకోలేదు.

"చూశారా ఎంత వెలుతురో! పగలు లైటే వెయ్యక్కర్లేదు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పని చేసుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడా దొరకదు, నా పూచీ!"

కోడలు కళ్ళు మూసుకుంది.

"ఎవరాయన?" అంది మేడమ్.

"మా ఇంటి ఓనరు గారండీ."

"మీరు రమ్మన్నారా?"

"లేదండీ, ఆయనే వచ్చారు."

మేడమ్ మొట్టమొదటిసారి నవ్వింది. "అందరూ వెనకాల పూలకుండీలూ పుస్తకాలూ పేర్చి నాకు సినిమా సెట్టింగు చూపిస్తారు. మీ గోడ చూస్తే పని తప్ప ఇంకోటి చెయ్యబుద్ధి కాదు. పైగా ఓనరే పూచీ ఇస్తున్నారు. ఇంటి నుంచే చేసుకోండి."

తెర ఆరిపోయాక ఓనరు బిక్కమొహం వేశాడు. "అయితే మీరు ఖాళీ చెయ్యట్లేదా?"

"చేసేవాళ్ళమేమో గానీ, ఇంటి గురించి మీరింత చెప్పాక ఎలా వెళ్తామండీ?" అంది కోడలు.

ఆ రాత్రి భోజనాలు సామాన్ల గదిలో, తలుపు మీదే జరిగాయి. కుర్చీలన్నీ అక్కడే ఉన్నాయి కదా. కోడలు అందరికీ వడ్డించి, ఆఖరున తనూ కూర్చుని చెప్పింది: "ఇవాళ్టి నుంచి హాలు నా ఆఫీసు. ఇదే మన హాలు. అక్కడికి ఒక్క కుర్చీ కూడా ఎవరూ ఇవ్వొద్దు."

"అమ్మ పొద్దున ఇంట్లోనే ఉంటుందిగా?" అంది పాప.

"ఉంటుంది."

"నే చెప్పలా, పైసా ఖర్చు లేకుండా అని!" అన్నాడు భర్త. "రేపు ఈ తలుపు మళ్ళీ బిగించేస్తా."

"బిగిస్తే అన్నం ఎక్కడ తింటావురా?" అన్నారు అత్తగారు.

అందరికన్నా ఆఖరున లేచిన మామగారు, పడుకోబోయే ముందు తలుపులన్నీ చూసుకునే అలవాటు కొద్దీ, బల్లకి గడియ వేసి వెళ్ళారు.